సెల్ కన్నా ముందు ఛార్జర్: పెళ్లిళ్ల ఫ్లాష్‌కూ, పొలం టార్చికీ

మీరు అడిగినవి మూడు సంగతులు. పెళ్లిళ్లలో వాడే ఫ్లాష్‌లోని నాలుగు పెన్సిల్ సెల్‌లు కొన్న ఏడాదికే తలంబ్రాల వేళకు చేతులెత్తేస్తున్నాయి కాబట్టి ఇంకా పెద్ద అంకె (సెల్ మీద రాసే ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంపియర్ అవర్; సెల్ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే సామర్థ్యం) ఉన్నవి కొనాలా అన్నది మొదటిది. నాన్నగారు రాత్రిపూట పొలానికి పట్టుకెళ్లే టార్చిలోని 18650 లిథియం సెల్‌ను కూడా అదే ఛార్జర్‌లో పెట్టవచ్చా అన్నది రెండోది. ఛార్జర్‌లో పెట్టిన సెల్‌లలో కొన్నింటికి అయిదు నిమిషాలకే పచ్చ లైటు వెలుగుతోంది, కొన్ని చేత్తో పట్టుకోలేనంతగా కాలుతున్నాయి, ఇందులో ప్రమాదం ఏది అన్నది మూడోది. వీటితోపాటు మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యం నాకు అన్నింటికన్నా ముఖ్యంగా కనిపించింది: ఛార్జర్ సెల్‌లతోపాటు ఉచితంగా వచ్చింది, అందులో సెల్‌లను రెండేసి చొప్పునే పెట్టాలి, రెండింటికీ కలిపి ఒకే లైటు ఉంది. మీ ఇబ్బందిలో సగానికి పైగా కారణం అక్కడే ఉంది. సెల్‌లోకి కరెంటు పంపడం ఏ అడాప్టర్‌కైనా చేతనవుతుంది. సెల్ నిండిందని గుర్తించి సమయానికి ఆపడం మాత్రమే ఛార్జర్ అనిపించుకోదగిన వస్తువు చేసే పని, మీ దగ్గరున్నది ఆ పని చేయడం లేదు.

ముందు ఫ్లాష్ సెల్‌ల సంగతి చూద్దాం. పెన్సిల్ సెల్, అంటే డబుల్ ఏ, పరిమాణంలో దొరికే రీఛార్జబుల్ సెల్‌లలో ఎక్కువ భాగం నికెల్ మెటల్ హైడ్రైడ్ రకానివి. వీటి వోల్టేజి 1.2 అని రాసి ఉంటుంది. మామూలు ఆల్కలైన్ సెల్ మీద 1.5 అని ఉండడం చూసి ఇవి తక్కువ రకమని అనుకోకండి. ఫ్లాష్ లాంటి పరికరం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు ఆల్కలైన్ సెల్ వోల్టేజి కుంగిపోతుంది, నికెల్ సెల్ అంతర్గత నిరోధం, అంటే కరెంటుకు సెల్ లోపలే ఉండే అడ్డు, తక్కువ కాబట్టి నిలబడుతుంది. ఒక ఫ్లాష్ కొట్టాక రెండోదానికి సిద్ధం కావడానికి పట్టే సమయం నికెల్ సెల్‌లతోనే తక్కువగా ఉండడానికి కారణం అదే.

ఈ నికెల్ సెల్ నిండిందని తెలుసుకోవడం ఒక సున్నితమైన వ్యవహారం. ఛార్జ్ అవుతున్నంతసేపూ దాని వోల్టేజి మెల్లగా పెరుగుతూ, ఒక ఆంపియర్ కరెంటు మీదైతే 1.42, 1.45, 1.48 అని ఎక్కుతూ పోయి, నిండే సమయానికి ఒక శిఖరాన్ని చేరి, ఆ తరవాత అయిదు నుంచి పది మిల్లీవోల్టుల మేర మాత్రమే కిందికి దిగుతుంది. నిండిన సెల్‌లోకి ఇంకా వచ్చిపడే కరెంటుకు నిల్వ ఉండే చోటు లేక లోపల ఆక్సిజన్ పుడుతుంది, ఆ ఆక్సిజన్ అవతలి ఎలక్ట్రోడ్ దగ్గర తిరిగి కలిసిపోతూ వేడిని విడుదల చేస్తుంది, వేడెక్కిన సెల్ వోల్టేజి కాస్త తగ్గుతుంది. మంచి ఛార్జర్ పట్టుకునేది ఆ చిన్న దిగుడునే. దానికి తోడుగా సెల్ ఉష్ణోగ్రత ఎంత వేగంగా పెరుగుతోందో కూడా చూసి, అన్నీ తప్పినా చివరికి టైమర్ మీదైనా ఆగుతుంది. తెర ఉన్న ఛార్జర్ మీ చేతికి వచ్చాక ఒకసారి చివరి పావుగంట దగ్గర కూర్చుని చూడండి: అంతవరకూ చల్లగా ఉన్న సెల్ ఆ పావుగంటలోనే వెచ్చబడడం వేలికి తెలుస్తుంది, తెర మీద చివరి అంకె ఒకటి రెండు మెట్లు వెనక్కి తగ్గడం కంటికి కనిపిస్తుంది, వెంటనే కరెంటు ఆగిపోతుంది.

ఇప్పుడు మీ ఛార్జర్ దగ్గరకు వద్దాం. ఒకే గొలుసులో రెండు సెల్‌లను పెట్టి ఛార్జ్ చేసినప్పుడు అది చూసేది ఆ రెండింటి మొత్తాన్నే, అది కూడా చూస్తేనే. ఒక సెల్ సగం ఖాళీగా, రెండోది పూర్తిగా ఖాళీగా ఉంటే మొదటిది ముందే నిండిపోయి, రెండోది నిండేదాకా అనవసరంగా కాలుతూ ఉంటుంది. మీ వేళ్లకు తగిలిన వేడి ఆ మొదటి సెల్‌దే. పైగా ఇలా ఉచితంగా వచ్చే ఛార్జర్‌లలో చాలావాటికి వోల్టేజి దిగుడును పట్టే తెలివి అసలు ఉండదు, కొన్నింటిలో టైమర్ ఉంటుంది, కొన్నింటిలో అదీ ఉండదు. సెల్ సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 2000 ఎంఏహెచ్ సెల్‌కు 200 మిల్లీ ఆంపియర్లతో, పద్నాలుగు నుంచి పదహారు గంటలు ఛార్జ్ చేయడం పాత ప్రామాణిక పద్ధతే. పూర్తిగా ఖాళీ అయిన సెల్‌కు దానివల్ల హాని లేదు. కానీ ముహూర్తం అయిపోయాక సగం మిగిలిన సెల్‌లను రాత్రి పెట్టి పొద్దున తీసే అలవాటులో, సెల్ తెల్లవారుజామంతా నిండిన కడుపుతో మింగుతూనే ఉంటుంది. అది పేలిపోదు గానీ, ప్రతి రాత్రీ కొంత కొంత ఎండిపోతుంది, అంతర్గత నిరోధం పెరుగుతుంది, చివరికి ఫ్లాష్ అడిగినంత కరెంటు ఇవ్వలేని స్థితికి వస్తుంది. ఏడాదికే మీ సెల్‌లు ముసలివి కావడానికి కారణం ఇది.

కాబట్టి కొనవలసినది ప్రతి గూటికీ విడి లైటు, విడి నియంత్రణ ఉన్న ఛార్జర్. పెట్టె మీద ఏం రాసి ఉన్నా, ఒక్క సెల్‌ను మాత్రమే పెట్టి ఛార్జ్ చేయగలిగితే గూళ్లు విడివిడివని అర్థం. అంతకుమించి ఖర్చు పెట్టాలా వద్దా అన్నది మీ పనిని బట్టి ఉంటుంది. కేవలం ఛార్జ్ చేసి ఆగితే చాలనుకునేవారికి పానసోనిక్ బీక్యూ-సీసీ55 లాంటి సాదా ఛార్జర్ సరిపోతుంది, అది నాలుగు పెన్సిల్ సెల్‌లను మూడు గంటల ప్రాంతంలో నింపుతుంది. మీలాగా సెల్‌ల మీద సంపాదన ఆధారపడినవారు మాత్రం సామర్థ్యాన్ని కొలిచి చూపించే ఛార్జర్‌ను ఒకదాన్ని ఉంచుకోవాలని నా అభిప్రాయం. సెల్‌ను నింపి, ఖాళీ చేసి, ఎన్ని ఎంఏహెచ్ బయటికి వచ్చాయో అంకెల్లో చూపే యంత్రం ఒకటి ఇంట్లో ఉంటే ఏ సెల్ ఎప్పుడు రిటైర్ కావాలో ఊహించాల్సిన పని ఉండదు.

ఎంత కరెంటు మీద పెట్టాలన్నది చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం. ఎంత నెమ్మదిగా ఛార్జ్ చేస్తే సెల్‌కు అంత మంచిదని మనవాళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది, అది సగమే నిజం. దిగుడును పట్టి ఆగే ఛార్జర్‌లో మరీ తక్కువ కరెంటు పెడితే ఆ దిగుడే కనిపించదు, ఛార్జర్ శిఖరాన్ని దాటిపోయి కూడా ఆగకుండా పంపుతూనే ఉంటుంది. సామర్థ్యంలో సగం నుంచి మొత్తానికి సమానమైన కరెంటు దాకా, అంటే 2000 ఎంఏహెచ్ సెల్‌కు 1000 నుంచి 2000 మిల్లీ ఆంపియర్ల మధ్య, ఈ గుర్తు స్పష్టంగా వస్తుంది. సెల్‌లు కొంచెం పాతబడ్డాక 700కు తగ్గించుకోవచ్చు. 200, 300 మీద పెట్టి దిగుడు కోసం ఎదురుచూడడం మాత్రం వద్దు. శిఖరాన్ని కాకుండా ఒక నిర్ణీత వోల్టేజిని చూసి ఆగే ఛార్జర్‌లు కూడా ఉన్నాయి, వాటికి ఈ బాధ తక్కువ.

అయిదు నిమిషాలకే పచ్చ లైటు రావడానికి రెండు కారణాలుంటాయి, రెండింటికీ వైద్యం వేరు. నెలల తరబడి బీరువాలో పడి ఉన్న సెల్‌ను మొదటిసారి పెట్టినప్పుడు ఆరంభంలోనే వోల్టేజి కాస్త ఎగిరి దిగుతుంది, తెలివైన ఛార్జర్ దాన్ని అసలు శిఖరమని పొరబడుతుంది. సెల్‌ను తీసి మళ్లీ పెడితే రెండోసారి మామూలుగా సాగుతుంది. రెండో కారణం ముసలితనం: అంతర్గత నిరోధం పెరిగిన సెల్‌లోకి కరెంటు పంపగానే వోల్టేజి 1.6 దాకా దూకి, నిండిందన్న భ్రమ కలిగిస్తుంది. అలాంటి సెల్‌కు ఒక అవకాశం ఇవ్వాలనుకుంటే సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో పదహారు గంటలు నింపి, అయిదో వంతు కరెంటుతో ఒక వోల్టు దాకా ఖాళీ చేసి, మళ్లీ అలాగే నింపే పద్ధతిని ప్రయత్నించండి. పవరెక్స్ సీ9000 లాంటి ఛార్జర్‌లలో దీనికి ప్రత్యేకంగా ఒక మీట ఉంటుంది. ఇలా రెండు మూడు సార్లు చేశాక కూడా రాసిన సామర్థ్యంలో అరవై శాతం రాని సెల్‌ను ఫ్లాష్‌లో వాడకండి. గోడ గడియారానికో, టీవీ రిమోట్‌కో అది ఇంకొన్నాళ్లు పనికొస్తుంది.

మరి పెద్ద అంకె సెల్‌లు కొనాలా? నా సలహా వద్దనే. డబుల్ ఏ పరిమాణంలో నికెల్ సెల్ నిజంగా ఇవ్వగలిగేది మహా అయితే 2700, 2800 ఎంఏహెచ్. 3500, 4600 అని ముద్రించినవాటిని చేత్తో కూడా తాకనక్కర్లేదు. నిజమైన 2500 సెల్‌లలో కూడా ఒక బేరం దాగి ఉంది: అదే డబ్బాలో ఎక్కువ పదార్థం కుక్కడం కోసం లోపలి పొరలను పలచన చేస్తారు, అందువల్ల ఆయుష్షు తగ్గుతుంది. ఒకే సంస్థ అమ్మే ఎనెలూప్‌లో తెల్లది సుమారు 2000 ఎంఏహెచ్‌తో రెండు వేలసార్లకు పైగా ఛార్జ్ చేయవచ్చని, నల్లది 2500తో అయిదు వందలసార్లని తయారీదారే చెప్పుకుంటున్నాడు. అయిదు వందల ఎంఏహెచ్ కోసం మూడొంతుల ఆయుష్షు వదులుకోవడం నాకైతే నష్టంగానే కనిపిస్తుంది. ఒక పెళ్లికి రెండు సెట్లు బదులు మూడు సెట్ల తెల్లవి పెట్టుకోవడం మేలు. పైగా ఈ రకానికి ఇంకో గుణం ఉంది. పాత నికెల్ సెల్‌లు నింపి పక్కన పెడితే నెల రోజుల్లో పావు వంతు దాకా వాటంతటవే ఖాళీ అయ్యేవి. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో తెచ్చిన నిదానంగా ఇంకిపోయే రకం వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పుడు చాలా సంస్థలు ఆ రకం అమ్ముతున్నాయి, పెట్టె మీద ‘రెడీ టు యూజ్’ అనో ‘ప్రీ ఛార్జ్‌డ్’ అనో ఉంటే సాధారణంగా అదే. ఆషాఢంలో పక్కన పెట్టిన సెల్‌లు శ్రావణంలో తీసినప్పుడు కూడా దాదాపు నిండుగానే ఉంటాయి.

సెల్‌లను సెట్లుగా పెంచండి. ఒకేరోజు కొన్న నాలుగింటి మీద మార్కర్‌తో ‘అ1, అ2, అ3, అ4’ అని, తరవాతి నాలుగింటి మీద ‘ఆ’ అని రాసి, కొన్న నెల కూడా వేసి, ఆ నాలుగూ ఎప్పుడూ కలిసే ఛార్జ్ అయ్యేట్టు, కలిసే ఖాళీ అయ్యేట్టు చూడండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ దీనికి గట్టి కారణం ఉంది. ఫ్లాష్‌లో నాలుగు సెల్‌లు ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి. వాటిలో ఒకటి బలహీనమైతే మిగిలిన మూడింటిలో ఇంకా సత్తువ ఉండగానే అది పూర్తిగా ఖాళీ అవుతుంది. అక్కడితో ఆగకుండా ఆ మూడూ దాని గుండా కరెంటును నెడుతూ దాని ధ్రువాలను తలకిందులు చేస్తాయి. అలా ఒక్కసారి తిరగబడిన సెల్ మళ్లీ పూర్వపు స్థితికి రావడం కష్టం. ఫ్లాష్ సిద్ధం కావడానికి మామూలు కన్నా రెట్టింపు సమయం తీసుకుంటోందని గమనించగానే సెట్టు మార్చేయండి, ఇంకో నాలుగు ఫొటోలు పిండుకోవాలని చూడకండి. సెల్‌ను పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జ్ చేయాలన్న మాట పాత నికెల్ కాడ్మియం సెల్‌ల కాలం నాటిది. ఇప్పటి సెల్‌లను సగంలో ఉన్నా నిరభ్యంతరంగా నింపుకోవచ్చు.

మన ఎండల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వైశాఖంలో కల్యాణ మండపం వెనక గదిలో నలభై డిగ్రీల ఉక్కలో ఛార్జర్ పెడితే నికెల్ సెల్ ఛార్జ్‌ను సరిగ్గా తీసుకోదు, పంపిన దానిలో మామూలు కన్నా ఎక్కువ వేడి కింద పోతుంది. ఫొటోలు తీసి అప్పుడే ఫ్లాష్ నుంచి తీసిన సెల్‌లు ఎలాగూ వేడిగా ఉంటాయి. వాటిని అరగంట ఆరనిచ్చి, గాలి తగిలే చోట, వీలైతే ఫ్యాను కింద, ఛార్జర్ మూత లాంటిదేదైనా ఉంటే తీసేసి పెట్టండి. మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు అరవై డిగ్రీలు దాటుతుంది, ఏ రకం సెల్‌ను కూడా అక్కడ వదలకండి.

ఇక నాన్నగారి టార్చి. ఇక్కడ ఓపిక పనికిరాదు, కచ్చితత్వం కావాలి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం అయాన్ సెల్ అని అర్థం. దీని మామూలు వోల్టేజి 3.6 లేక 3.7, నిండినప్పుడు 4.2. నికెల్ సెల్ మాదిరిగా శిఖరం దాటి దిగే గుణం దీనికి లేదు, ఆపకపోతే పెరుగుతూనే పోతుంది. అందుకే దీని ఛార్జర్ మొదట స్థిరమైన కరెంటు పంపి, 4.2 వోల్టులు చేరగానే ఆ వోల్టేజి దగ్గర పట్టి ఉంచి, కరెంటు తనంతట తానే తగ్గి పదో వంతుకు వచ్చాక పూర్తిగా ఆపేయాలి. నికెల్ సెల్‌ను నిండాక కాస్త సన్నని ధారతో తడుపుతూ ఉంచినా తట్టుకుంటుంది, లిథియం సెల్ తట్టుకోదు. మీ రెండో ప్రశ్నకు జవాబు దీన్నిబట్టే తెలుస్తుంది: ఇప్పుడున్న ఛార్జర్‌లో లిథియం సెల్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. అలాగే లిథియంకు మాత్రమే పనికొచ్చే ఛార్జర్‌లో నికెల్ సెల్ పెడితే అది దాన్ని 4.2 వోల్టులదాకా లాగాలని చూసి ఉడికించేస్తుంది.

రెండు రకాలనూ గుర్తించి తానే సర్దుకునే ఛార్జర్‌లు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి, మీకు అలాంటిది ఒకటి సరిపోతుంది. అయితే అది రకాన్ని కనిపెట్టేది ప్రధానంగా సెల్ వోల్టేజిని చూసే అని గుర్తుంచుకోండి. బాగా అడుగంటి 1.4 వోల్టులకు పడిపోయిన లిథియం సెల్‌ను అది నికెల్ సెల్ అనుకోవచ్చు. 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ 3.65 దగ్గరే ఆగాలి, దాన్ని మామూలు లిథియం అనుకుని 4.2 దాకా తీసుకెళ్లవచ్చు. కాబట్టి సెల్‌లను పెట్టగానే తెర మీద ఏ రకమని చూపిస్తోందో, ఎంత కరెంటు పెట్టిందో చూసి మరీ పక్కకు వెళ్లండి. 18650కి ఒక ఆంపియర్ నిరపాయమైన కరెంటు. పెన్సిల్ సెల్ పరిమాణంలోనే 14500 అనే లిథియం సెల్ ఒకటి వస్తుంది, అలాంటి చిన్నవాటికి అర ఆంపియర్ మించకూడదు. ఆ 14500ను పొరపాటున ఫ్లాష్‌లో వేస్తే ఒక్కోటి 3.7 వోల్టుల చొప్పున వెళ్లి ఫ్లాష్ మాడిపోతుంది. రెండు రకాలూ ఉన్న ఇంట్లో రెండు వేర్వేరు డబ్బాలు తప్పనిసరి.

కొన్నాక మొదటి రోజే చేయవలసిన పరీక్ష ఒకటి చెబుతాను. మూడు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. లిథియం సెల్ నిండిందని ఛార్జర్ చెప్పాక తీసి, పది నిమిషాలు ఆగి కొలవండి. 4.15 నుంచి 4.20 మధ్య ఉంటే ఛార్జర్ నమ్మదగినది. 4.25 దాటితే ఆ ఛార్జర్‌ను వెనక్కి ఇచ్చేయండి, చిన్న తేడాయే కదా అని సర్దుకోకండి. టార్చికే యూఎస్‌బీ రంధ్రం ఉండి అందులోంచే ఛార్జ్ అవుతుంటే దానికీ ఇదే పరీక్ష వర్తిస్తుంది.

ఛార్జర్‌తోపాటు అడాప్టర్ రాకపోతే ఫోను అడాప్టర్ పెట్టుకోవచ్చు గానీ ఒక లెక్క వేసుకోవాలి. నాలుగు లిథియం సెల్‌లకు ఒక్కో ఆంపియర్ పంపాలంటే 4.2 ఇంటూ 4, అంటే దాదాపు పదిహేడు వాట్లు కావాలి. అయిదు వోల్టుల, రెండు ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చేది పది వాట్లు. అప్పుడు ఛార్జర్ ప్రతి గూటికీ సగం సగం పంచుతుంది, సమయం రెట్టింపవుతుంది, అది లోపం కాదు. అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన ఛార్జరైతే గోడకు పెట్టే ముందు వెనక ‘ఇన్‌పుట్ 100–240’ అని ఉందో లేదో చదవండి. 120 మాత్రమే ఉన్నది మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టిన క్షణంలో పోతుంది. పిన్ను మార్చే ముక్క వోల్టేజిని మార్చదు.

లిథియం సెల్‌ల కొనుగోలులో మోసం మరీ ఎక్కువ. 18650 పరిమాణంలో నిజమైన సామర్థ్యం 3500 ఎంఏహెచ్ దరిదాపుల్లోనే ఆగుతుంది. 9800, 9900 అని రాసి ఉన్నవి హైదరాబాద్‌లో అయినా, మీ ఊరి సంతలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా అబద్ధాలే. తూకం చూస్తే దొరికిపోతాయి: అసలు సెల్ నలభై అయిదు నుంచి యాభై గ్రాములు ఉంటుంది, ముప్పై గ్రాముల దగ్గర తూగితే లోపల ఉన్నది తక్కువని అర్థం. మన దేశంలో అమ్మే ఇలాంటి సెల్‌లకు బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, నమోదు తప్పనిసరి. సెల్ మీదనో పెట్టె మీదనో ఐఎస్ 16046 అన్న ప్రమాణం, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది, సెల్ మీది పేరుకూ దానికీ పొంతన కుదరకపోతే కొనకండి. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి పీకి కొత్త తొడుగు వేసి అమ్మేవి చౌకగా వస్తాయి. వాటిని విడదీసి కొలిచి వాడుకునే ఓపిక, పరికరాలు ఉన్నవారి సంగతి వేరు, పెద్దాయన చేతి టార్చిలోకి అవి వద్దు. సర్క్యూట్ రక్షణ ఉన్న సెల్ (హద్దు దాటితే కరెంటును తానే తెంచేసే చిన్న సర్క్యూట్ లోపల ఉన్నది) కొనండి, అది మామూలు దానికన్నా మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు పొడవుంటుంది కాబట్టి టార్చిలో పడుతుందో లేదో ముందే చూసుకోండి.

టార్చిలో సెల్ పూర్తిగా అడుగంటేదాకా వాడి, అలాగే నెలల తరబడి వదిలేయడం లిథియంకు పెద్ద శత్రువు. వోల్టేజి బాగా పడిపోయి చాలాకాలం అలాగే ఉంటే లోపలి రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ మల్టీమీటర్‌లో సున్నా చూపిస్తే అది సర్క్యూట్ తెరుచుకోవడం వల్ల కావచ్చు, మంచి ఛార్జర్ చిన్న కరెంటుతో దాన్ని లేపుతుంది. లేచాక రెండున్నర వోల్టుల పైన ఉంటే సరే. రక్షణ లేని సెల్ రెండు వోల్టుల కింద రోజుల తరబడి ఉందని తెలిస్తే దాన్ని బతికించే ప్రయత్నం చేయకండి. కొన్నాళ్లు వాడరనుకుంటే లిథియం సెల్‌ను సగం ఛార్జ్‌తో, 3.7 లేక 3.8 వోల్టుల దగ్గర, చల్లని చోట దాచండి. నిండుగా నింపి వేడిలో దాచడం దాన్ని వేగంగా ముసలిదాన్ని చేస్తుంది.

సెల్ తొడుగు మీద ఒక కన్నేసి ఉంచండి. 18650 డబ్బా మొత్తం, పక్కలతో సహా, మైనస్సే. ప్లస్ బొడిపె చుట్టూ ఉన్న అంచు కూడా మైనస్సే, రెండింటి మధ్య ఒక పలచని ప్లాస్టిక్ ఉంగరం మాత్రమే అడ్డు. అక్కడ తొడుగు గీసుకుపోయి టార్చి స్ప్రింగుకు తగిలితే నేరుగా షార్టే. చిరిగిన తొడుగును మార్చుకోవచ్చు, దానికి సరిపడే వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం ఎలక్ట్రానిక్స్ కొట్లలో దొరుకుతుంది. విడి సెల్‌ను జేబులో తాళంచెవులు, చిల్లరతో కలిపి వేసుకోకూడదు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవాలి.

మీ ఊళ్లో చాలామంది దగ్గర ఇంకో రకం టార్చి ఉంటుంది, రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ సాకెట్‌లో గుచ్చేది. నాన్నగారి పాత టార్చి అదే అయితే ఇది చదవండి. అందులో ఉండేది నాలుగు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, దాన్ని ఛార్జ్ చేసేది సాధారణంగా ఒక కెపాసిటర్, కొన్ని డయోడ్‌లు. ట్రాన్స్‌ఫార్మర్ లేదు కాబట్టి గోడ కరెంటుకూ టార్చి లోపలి భాగాలకూ మధ్య అడ్డు లేదు. గోడకు ఉన్నంతసేపూ స్విచ్చి నొక్కకూడదు, తడి చేత్తో ముట్టుకోకూడదు, మూత విప్పకూడదు. నిండిందని తెలుసుకుని ఆగే ఏర్పాటు కూడా దానికి లేదు, తయారీదారు చెప్పిన గంటలు కాగానే తీసేయాలి. దాచే విషయంలో ఇది లిథియంకు పూర్తి విరుద్ధం: లెడ్ యాసిడ్‌ను నిండుగానే దాచాలి, ఖాళీగా వదిలితే రేకుల మీద సల్ఫేట్ గడ్డకట్టి మళ్లీ లేవదు. నన్నడిగితే దాన్ని రిటైర్ చేసి నాన్నగారికి 18650 టార్చినే ఉంచండి.

ఎక్కడ ఛార్జ్ చేయాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. పరుపు మీద, బట్టల బ్యాగులో, షామియానా గుడ్డ పక్కన వద్దు. గచ్చు మీదో, రాతి పలక మీదో పెట్టి, ఇంట్లో ఎవరో ఒకరు మేలుకుని ఉన్నప్పుడే ఛార్జ్ చేయండి. లిథియం సెల్ అకారణంగా వేడెక్కినా, బుస్సుమని చప్పుడు చేసినా, తీపి వాసన లాంటిది వచ్చినా ముందు గోడ స్విచ్చి ఆపి, దూరంగా జరగండి. మంట వస్తే మెయిన్ ఆపి ధారాళంగా నీళ్లు పోయండి, చల్లార్చడమే ముఖ్యం, ఆరినట్టు కనిపించాక కూడా కాసేపు పోస్తూనే ఉండాలి. ఉబ్బిన సెల్‌ను గుచ్చి గాలి తీయాలని చూడకండి.

పెళ్లి పనుల మీద విమానంలో వెళ్లే అవసరం వస్తే విడి లిథియం సెల్‌లు చేతిసంచీలోనే ఉండాలి, కింద వేసే సామాన్లలో పెట్టకూడదు. వంద వాట్ అవర్ల (వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే అంకె) లోపు వాటికి విమాన సంస్థ అనుమతి అక్కర్లేదు. 3.6 వోల్టుల 3000 ఎంఏహెచ్ సెల్ పదకొండు వాట్ అవర్లు కూడా ఉండదు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఒక్కోదాని కొసలకు టేపు వేసి, డబ్బాలో పెట్టండి చాలు.

ప్రస్తుతం మీ దగ్గరున్న ఎనిమిది సెల్‌లతో ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. కొత్త ఛార్జర్ వచ్చేదాకా పాతదాన్ని వాడక తప్పదనుకుంటే రెండు గంటలకోసారి చేత్తో ముట్టి చూసి, వెచ్చబడిన సెల్‌ను దాని జతతో సహా తీసేయండి. కొత్తది వచ్చాక ఎనిమిదింటినీ ఒకసారి నింపి, ఖాళీ చేసి, అంకెలు రాసుకోండి. దగ్గరి దగ్గరి అంకెలు వచ్చిన నాలుగింటిని ఒక సెట్టుగా మార్కర్‌తో గుర్తు పెట్టి ఫ్లాష్‌కు ఉంచండి, తక్కువ వచ్చినవి ఇంటి వాడకానికి. పనికిరానివాటిని చెత్తబుట్టలో వేయకుండా కొసలకు టేపు వేసి విడిగా ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే కొట్లోనో ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలోనో ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులది, మిగతా చెత్తలో కలపకుండా అప్పగించే బాధ్యత మనది. కొనే క్రమం మాత్రం ఇలా ఉండాలి: ముందు విడి గూళ్ల ఛార్జర్, తరవాత మల్టీమీటర్, ఆ తరవాత నాన్నగారి టార్చికి రక్షణ సర్క్యూట్ ఉన్న ఒక మంచి 18650. పాత ఎనిమిదింటి అంకెలు చూశాక కూడా అవసరం అనిపిస్తేనే ఫ్లాష్‌కు కొత్త తెల్ల సెల్‌లు.